గాంధీజీ మీద తెలుగులో ఆఫ్‌లైన్ మల్టీమీడియా పాఠం: ఆకరాలు, బొమ్మలు, గొంతు, ఫాంట్లు

#1 ఉప్పుటేరు

8 నుంచి 10 తరగతుల పిల్లల కోసం గాంధీజీ జీవితం మీద తెలుగులో ఒక మల్టీమీడియా పాఠం తయారవుతోంది. నెట్ లేని బడుల్లో నడవాలి, పెన్‌డ్రైవ్‌లో పంచాలి. ల్యాబుల్లో ఉన్నవి 2 జీబీ ర్యామ్ యంత్రాలు. కొన్నిట్లో విండోస్ 7, కొన్నిట్లో ఉబుంటు.

ఇప్పటిదాకా వేసుకున్న లెక్క ఇదీ: కాలరేఖ ఒకటి, దండియాత్ర పటం ఒకటి, 40 ఫొటోలు, 60 నిమిషాల వీడియో, 90 నిమిషాల తెలుగు వ్యాఖ్యానం, 100 ప్రశ్నలు, గాంధీజీ సొంత గొంతు ఓ రెండు చోట్ల.

తేలాల్సినవి మూడు. ఏ రూపంలో కడితే ఈ డొక్కు యంత్రాల మీద ఆగకుండా నడుస్తుంది? ప్రసంగాలకు ఏ ప్రతిని ఆధారంగా పట్టుకోవాలి? హక్కుల మాటేమిటి? ఇదివరకు వచ్చిన ఇలాంటి సీడీల్లో దొర్లిన పొరపాట్లు తెలిసినవాళ్లు చెబితే వాటిని మళ్లీ చేయకుండా ఉండొచ్చు.

#2 పెన్నుడ్రైవు

మొదటి ప్రశ్నకు జవాబు: ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ వద్దు. ల్యాబ్ యంత్రాల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ మాష్టారి దగ్గర ఉండదు. మామూలు వెబ్ పేజీలుగా కట్టి బ్రౌజర్‌లో తెరిపించండి. విండోస్ 7 మీద క్రోమ్ 109తో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ 115తో. ఆ రెండిటి మీద నడిస్తే మిగతా అన్నిటి మీదా నడుస్తుంది.

జాగా గురించి దిగులు అక్కర్లేదు. 720పీ వీడియో సెకనుకు 1.5 మెగాబిట్ల చొప్పున 60 నిమిషాలకు 675 ఎంబీ. దాని శబ్దానికి ఇంకో 43. వ్యాఖ్యానం మోనో 64 కిలోబిట్లతో 90 నిమిషాలకు 43 ఎంబీ. ఫొటోలు 1600 పిక్సెళ్ల వెడల్పుతో ఒక్కోటి 400 కేబీ అనుకున్నా 40కి 16 ఎంబీ. మొత్తం 800 ఎంబీ లోపే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు గానీ మీ దగ్గర అంత ఫైలే లేదు.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. మీ యంత్రంలో సర్వర్ మీద పరీక్షించినప్పుడు అంతా బాగుంటుంది. పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా పేజీ తెరిస్తే కాలరేఖ ఖాళీగా వస్తుంది. కారణం: పేజీని డిస్కు నుంచి తెరిచినప్పుడు అది పక్కనున్న జేసన్ ఫైలును (తేదీలు, ప్రశ్నల్లాంటి సమాచారం దాచేది) చదవడానికి బ్రౌజర్ ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లదీ అదే గతి. కాబట్టి తేదీలు, శీర్షికలు, ప్రశ్నలు అన్నిటినీ మామూలు జావాస్క్రిప్ట్ ఫైల్లో ఒక వేరియబుల్‌గా పెట్టి, పాత పద్ధతిలో స్క్రిప్ట్ ట్యాగ్‌తో పిలవండి. పది నిమిషాల పని, కానీ ఆఖర్లో తెలిస్తే పది రోజుల పని.

ఇంకో మూడు ముక్కలు. వీడియో హెచ్.264 కుదింపు పద్ధతిలోనే ఉండాలి. హెచ్.265 చిన్నగా వస్తుంది కదా అని పెడితే పాత యంత్రంలో తెర నల్లగా ఉండి శబ్దం మాత్రం వస్తుంది. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే పెట్టండి. విండోస్‌కు పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే, ఉబుంటుకు కాదు. తెలుగు పేర్లు పెట్టి జిప్ చేస్తే విండోస్ 7లో విప్పేసరికి గీతలూ ప్రశ్నార్థకాలూ మిగులుతాయి.

#3 బడిగంట

చేత్తో కోడ్ రాయలేని జట్టయితే హెచ్5పీ (కోడ్ రాయకుండా క్విజ్‌లు, కాలరేఖలు చేసే ఉచిత పరికరం) వాడొచ్చు. లూమీ అనే డెస్క్‌టాప్ ఎడిటర్‌లో కాలరేఖ, క్విజ్, వీడియో మధ్యలో ఆగి ప్రశ్న అడగడం, బొమ్మ మీద చుక్కలు పెట్టడం అన్నీ ఉన్నాయి. బయటికి తీసేటప్పుడు మాత్రం అంతా కలిపి ఒక్క ఫైలుగా తీసే ఎంపిక నొక్కకండి. అందులో వీడియోను అక్షరాలుగా మార్చి పేజీలోకి కుక్కుతారు, సైజు మూడోవంతు పెరుగుతుంది, 2 జీబీ యంత్రం ఊపిరాడక చతికిలబడుతుంది. మీడియాను వేరే ఫైళ్లుగా ఉంచే ఎంపిక ఉంది, అది తీసుకోండి.

బడిలో ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఉంటే నెట్ లేకుండా పాఠాలు పంచే కోలిబ్రి సాఫ్ట్‌వేర్ పెట్టి అందరికీ వైఫైలో పంచొచ్చు. హెచ్5పీ, ఎంపీ4, పీడీఎఫ్ అన్నీ తీసుకుంటుంది.

#4 సంపుటం43

రెండో ప్రశ్న దగ్గరే చాలా ప్రాజెక్టులు గోతిలో పడ్డాయి, కాబట్టి కొంచెం విడమరచాలి.

గాంధీజీ సమగ్ర రచనల ఇంగ్లీషు సంపుటాలు కేంద్ర ప్రభుత్వ ప్రచురణల విభాగం వేసింది. పని 1956లో మొదలై 1994లో ముగిసింది. మొత్తం 100. వీటిలో 1 నుంచి 90 వరకు కాలక్రమం, 91 నుంచి 97 వరకు తర్వాత దొరికినవాటి అనుబంధాలు, 98 విషయ సూచిక, 99 వ్యక్తుల సూచిక, 100 ముందుమాటల సంకలనం. ఎక్కువ సంపుటాలకు ప్రధాన సంపాదకుడు కె. స్వామినాథన్. అందుకే పరిశోధకులు దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

1999లో ఇదే మల్టీమీడియా సీడీగా వచ్చింది. అప్పుడు అనుబంధ సంపుటాల్లోని ఉత్తరాలను కాలక్రమంలోకి చొప్పించి, మొత్తాన్ని 98 సంపుటాలుగా తిరగరాశారు. ఉద్దేశం మంచిదే, కానీ సంపుటాల అంకెలన్నీ జరిగిపోయాయి. పైగా కొన్ని అంశాలు రాలిపోయాయి, కొన్ని పీఠికలు తీసేశారు. పండితులు జాబితాలు వేసి మరీ చూపించాక ఆ సవరించిన ముద్రణను ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. అయినా నెట్‌లో తేలిగ్గా దొరికే పీడీఎఫ్‌లు ఎక్కువగా ఆ 98 సంపుటాలవే.

దీనివల్ల జరిగేది చూడండి. దండియాత్రకు ముందురోజు, 1930 మార్చి 11న, సబర్మతి తీరాన చేసిన ప్రసంగం అసలు ముద్రణలో 43వ సంపుటంలో ఉంది. ఎలక్ట్రానిక్ ముద్రణలో 48. మీ పాఠంలో ఒకచోట 43 అనీ ఇంకోచోట 48 అనీ వస్తే, రెండూ తప్పు కాదు, కానీ వెతికిన పిల్లాడికి ఏదీ దొరకదు. కాబట్టి ఒకే ముద్రణ ఎంచుకోండి. గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో అసలు 100 సంపుటాల పేజీల బొమ్మలున్నాయి. సబర్మతి ఆశ్రమ ట్రస్టు నడిపేది, 2013 సెప్టెంబరు నుంచి ఉంది. గుజరాతీ ముద్రణ 82 సంపుటాలు, హిందీ ముద్రణ 97 సంపుటాలు కూడా అక్కడే.

#5 కందిపొడి

అయితే 98 సంపుటాల పీడీఎఫ్ అసలు ముట్టుకోకూడదా? మాట వెతుక్కోవడానికి అదే హాయి కదా.

#6 సంపుటం43

వెతకడానికి వాడండి, ఉదహరించడానికి వద్దు. పీడీఎఫ్‌లో మాట దొరికాక దాని తేదీ, శీర్షిక రాసుకోండి. ఆ తేదీతో అసలు సంపుటం తెరిచి పేజీ అంకె తీసుకోండి. తేదీ మారదు, అంకెలే మారతాయి.

ఇంకో సంగతి. దండి దారిలో చేసిన ప్రసంగాలు గుజరాతీలో చేసినవి. ఇంగ్లీషు సంపుటంలో ఉన్నది అనువాదం. దాన్నుంచి మీరు తెలుగు చేస్తే అనువాదానికి అనువాదం. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి "గాంధీజీ అన్న మాటలు" అనే ముందు గుజరాతీ తెలిసిన ఒకరిచేత గుజరాతీ సంపుటంతో పోల్చి చూపించండి. కుదరకపోతే కొటేషన్ గుర్తులు తీసేసి భావం చెప్పండి.

#7 మాసిన నెగెటివ్

ఫొటోల మాట. 40 ఫొటోల్లో కచ్చితంగా ఒకటి గాంధీజీ వంగి ఉప్పు తీస్తున్నది ఉంటుంది, దాని కింద "దండి, 1930 ఏప్రిల్ 6" అని ఉంటుంది. ఆ ఫొటో దండిలో తీసింది కాదు. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 9న, సూరత్ దగ్గరి భీమ్‌రాడ్‌లో తీసింది. వెనక నిలబడ్డావిడ సత్యాగ్రహి మిఠూబెన్ పెటిట్. పాఠ్యపుస్తకాల నుంచి తపాలా ఆల్బముల దాకా ఈ తప్పు పాకింది.

రెండోది దక్షిణాఫ్రికాలో ఆయన్ని రైల్లోంచి దించేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఘటన. 1893 జూన్ 7, అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. దాని పక్కన 1906 నాటి ప్లీడరు ఫొటో అతికిస్తారు. అందులో ఉన్నది 36 దాటిన మనిషి. వయసు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది గానీ ఎవరూ పట్టించుకోరు. ఆ ఘటనకు ఫొటో లేదు కాబట్టి స్టేషను ఫొటో పెట్టి, అది ఏ సంవత్సరానిదో రాయండి.

రంగులద్దిన ఫొటోలు పెట్టకండి. ఖద్దరు తెలుపు ఏ మేరకు తెలుపో, శాలువా రంగేమిటో యంత్రం ఊహిస్తుంది. పెట్టాలని పట్టుబడితే అసలు నలుపుతెలుపు పక్కనే, జరిపి చూసే గీతతో పెట్టండి.

స్కాన్ చేస్తే 600 డీపీఐలో టిఫ్ దాచుకుని, పాఠంలోకి జేపెగ్ తీయండి. పత్రికల్లోంచి తీసిన బొమ్మకు చుక్కలు కనబడతాయి. స్కానర్‌లో డీస్క్రీన్ (అచ్చు చుక్కలు పోగొట్టే ఎంపిక) పెట్టాలి, తర్వాత బ్లర్ చేస్తే ముఖం మైనపు బొమ్మలా అయిపోతుంది.

#8 రీలుపెట్టె

ఫొటో సంగతి సరే, వీడియోలో ఇంకా పెద్ద అబద్ధం ఉంటుంది. గాంధీజీ పరుగులాంటి నడక. ఆయన వేగంగా నడిచేవారు, అది నిజమే, కానీ చాప్లిన్ లాగా కాదు. మూకీ కెమెరాలు సెకనుకు 16, 18, 20 ఫ్రేములు తీసేవి. దాన్ని 24 దగ్గర ఆడిస్తే 16ది ఒకటిన్నర రెట్లు, 18ది 1.33 రెట్లు, 20ది 1.2 రెట్లు వేగంగా పోతుంది. ల్యాబులో పిల్లలు నవ్వుతారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

సరిచేసే పద్ధతి: ముందు నకలు ఫ్రేములు తీసేయాలి. టీవీ కోసం 25కి మార్చిన ప్రతుల్లో ప్రతి కొన్ని ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు వస్తుంది. ఒక్కో ఫ్రేము జరుపుతూ చూస్తే తెలుస్తుంది. అవి తీశాక 16, 18, 20 మూడిట్లోనూ ఆడించి చూడండి. గాంధీజీని చూడొద్దు, వెనక జనాన్ని చూడండి. తలమీద బిందె పెట్టుకున్న మనిషి, ఊగే జెండా, నీళ్లు. అవి సహజంగా కనిపించిన వేగమే సరైనది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌లో టైమ్‌స్టాంపులను ఆ నిష్పత్తితో గుణిస్తే సరిపోతుంది. ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు పుట్టించే నునుపు ఫిల్టర్లు వాడకండి, చేతికర్ర రెండుగా చీలి కనిపిస్తుంది.

ఆ చిత్రాల్లో వినిపించే "జై" కేకలు చాలావాటిలో తర్వాత కలిపినవి. శబ్దం తీసేసి తెలుగు వ్యాఖ్యానం పెట్టండి, లేదా మూల చిత్రం మూకీ అని తెరమీద రాయండి. 4:3 బొమ్మను 16:9కి సాగదీయొద్దు. పక్కన మిగిలిన జాగాలో తేదీ, ఊరు పెట్టుకోవచ్చు.

#9 ఉప్పుటేరు

చాలా ఉపయోగం. భీమ్‌రాడ్ ఫొటో కింద శీర్షిక మార్చాం. గొంతు గురించి ఒక ఆలోచన ఉంది: ఏఐతో గాంధీజీ గొంతును పోలిన గొంతు తయారుచేసి, తెలుగులో మాట్లాడిస్తే పిల్లలకు దగ్గరవుతుందని జట్టులో కొందరంటున్నారు. సాంకేతికంగా కష్టం కాదు.

#10 గ్రామఫోను

కష్టం కాకపోవడమే ఇబ్బంది. ఆయన తెలుగులో ప్రసంగించలేదు. పదమూడేళ్ల పిల్ల ఆ ఆడియో విని, ఆయనకు తెలుగు వచ్చని జీవితాంతం నమ్ముతుంది. కింద చిన్న అక్షరాల్లో "కృత్రిమ గొంతు" అని రాస్తే చదివేదెవరు?

నిజమైన గొంతు ఉంది. 1931లో లండన్‌లో కొలంబియా కంపెనీ రికార్డు చేసిన 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ పలక, దేవుడి గురించి, ఇంగ్లీషులో, సుమారు 6 నిమిషాలు, రెండు వైపులా. ఇక్కడ తేదీతో తిరకాసు: ఆయన చదివింది 1928 అక్టోబరు 11న తన పత్రిక యంగ్ ఇండియాలో రాసిన వ్యాసంలోని మాటలే. వాక్యానికి 1928, గొంతుకు 1931 అని రెండు తేదీలూ పెట్టాలి. కాలరేఖలో ఒకటే పెడితే మూలంతో పోల్చి చూసినవాళ్లు తప్పంటారు.

రెండోది 1947 నవంబరు 12. కురుక్షేత్ర శిబిరంలోని శరణార్థుల కోసం ఢిల్లీ ఆకాశవాణి కేంద్రం నుంచి మాట్లాడారు. ఆయన రేడియో స్టేషనుకు వెళ్లి మాట్లాడింది ఆ ఒక్కసారే. నవంబరు 12ను ప్రజా ప్రసార దినంగా జరిపేది అందుకే.

పలక శబ్దం శుభ్రం చేసేటప్పుడు గరగర తగ్గింపు 6 నుంచి 10 డెసిబెల్స్ దాటనివ్వకండి. అంతకు మించితే నీళ్లలోంచి మాట్లాడినట్టు బుడబుడమంటుంది. చిటపటలకు వేరే ఫిల్టర్ ముందు, గరగరకు తర్వాత. పలక తిప్పిన చోట ఖాళీ కత్తిరించండి గానీ రెండు వైపులని చెప్పండి.

#11 కందిపొడి

కానీ గ్రామఫోనుగారూ, ఇంగ్లీషు ఆడియో 6 నిమిషాలు పెడితే 8వ తరగతి పిల్లలు వింటారంటారా? ఆచరణలో దాటవేసే బటన్ నొక్కుతారు. ఏఐ వద్దు సరే, మరి తెలుగు ఎలా చేర్చాలి?

#12 గ్రామఫోను

ఆకాశవాణి పద్ధతి ఉంది కదా. అసలు గొంతు 5, 6 సెకన్లు నిండుగా, తర్వాత దాన్ని 18 డెసిబెల్స్ కిందికి దించి, పైన తెలుగు వ్యాఖ్యాత. చివర మళ్లీ అసలు గొంతు. మొత్తం రెండు నిమిషాలు మించనివ్వకండి, పూర్తి 6 నిమిషాలు వేరే బటన్ కింద పెట్టండి.

చరిత్రకూ అదే దగ్గర. ఆంధ్రలో ఆయన సభల్లో మాట్లాడుతుంటే పక్కనే ఒకరు తెలుగు చేసి చెప్పేవారు. 1921లో కాకినాడలో ఆ పని చేసింది పన్నెండేళ్లు నిండని దుర్గాబాయి (తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్). మీ పాఠంలో ఆ ఘట్టాన్ని ఒక ఆడపిల్ల గొంతుతో చెప్పిస్తే అది అనువాదకురాలి గొంతు అని పిల్లలకు దానంతటదే తెలుస్తుంది, ఏ మోసమూ ఉండదు.

యంత్రంతో వ్యాఖ్యానం చదివిస్తే ఏడాదుల అంకెలు ఎలా పలుకుతోందో వినండి. 1930ని కొన్ని "వెయ్యి తొమ్మిది వందల ముప్ఫై" అని చదువుతాయి. రాతలో "పంతొమ్మిది వందల ముప్ఫై" అని అక్షరాల్లో పెట్టి చదివించి, తెరమీద అంకెలే చూపండి. మొత్తం శబ్దం −16 ఎల్‌యూఎఫ్ఎస్ (వినబడే బిగ్గరతనానికి కొలత) దగ్గర సమం చేయండి, లేకపోతే ఒక స్లైడులో గుసగుస, ఇంకోదాంట్లో గావుకేక.

#13 లిపికారుడు

తెలుగు అక్షరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత పాఠ్యాంశం అను ఫాంట్లలో ఉంటే అది తెలుగు కాదు, తెలుగులా కనబడే ఇంగ్లీషు కోడ్లు. యూనికోడ్‌కు మార్చే పరికరాలున్నాయి, కానీ మూడు చోట్ల తడబడతాయి: వత్తు, గుణింతం కలిసిన చోట్ల (స్వాతంత్ర్యం, రాష్ట్రం), అంకెలూ విరామ చిహ్నాలూ, ఇంగ్లీషు మాటలు మధ్యలో ఉన్న వాక్యాలు. మార్చాక స్పెల్ చెకర్ మీద ఒదిలేయకుండా మనిషి చదవాలి. 100 పేజీలకు రెండు రోజులు పెట్టుకోండి.

ఫాంటు: నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర అన్నీ ఉచితం. ఫాంటును పాఠంతోపాటే పెన్‌డ్రైవ్‌లో పెట్టి పేజీకి జతచేయండి. యంత్రంలో ఉందిలే అనుకుంటే ఉబుంటులో డబ్బాలు కనిపిస్తాయి. పంక్తి ఎత్తు అక్షరం సైజుకు కనీసం 1.6 రెట్లు ఉండాలి. ఇంగ్లీషు డిజైన్‌లో 1.2 పెట్టి వదిలేస్తారు, అప్పుడు "స్త్రీ", "క్ష్మి" కింది వత్తులు తర్వాతి పంక్తి నెత్తిన కూర్చుంటాయి. బటన్లలో అయితే సగం తెగిపోతాయి.

ఆటలు కట్టే యూనిటీలో కడదామనుకుంటే ఆగండి. అందులో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్ ప్రో దానంతటది తెలుగు వత్తులను కలపదు, "సత్యాగ్రహం" విడివిడి పొల్లులతో వస్తుంది. సబ్‌టైటిళ్లు వీడియోలో అచ్చేసేటప్పుడు కూడా అక్షరాలు కలిసే షేపింగ్ ఆన్‌లో ఉందో లేదో ఒక్క వాక్యంతో చూసుకుని తర్వాత గంట వీడియో పెట్టండి.

వెతికే పెట్టె పెడితే గాంధీ, గాంధి రెండూ ఒకటిగా దొరకాలి. పిల్లలు ఎలాగైనా కొడతారు. రెండు అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం (సాఫ్ట్‌వేర్‌లో ట్ తర్వాత ఉండేది) వెతికేముందు కొట్టిన మాటలోనూ పాఠంలోనూ తీసేయండి.

#14 మూడో బెంచీ

క్విజ్ చూసినవాళ్లెవరైనా ఉన్నారా? 100 ప్రశ్నల్లో ఎన్ని వాట్సాప్ నుంచి వచ్చాయో!

కొట్టేయాల్సినవి:

"ప్రపంచంలో చూడాలనుకునే మార్పు మీరే కావాలి." ఈ వాక్యం సమగ్ర రచనల్లో లేదు. దగ్గరగా ఉన్నది 1913 ఆగస్టు 9 నాటి ఇండియన్ ఒపీనియన్‌లో (దక్షిణాఫ్రికాలో ఆయన నడిపిన పత్రిక): మనల్ని మనం మార్చుకోగలిగితే లోకం పోకడ కూడా మారుతుందనే భావం. 12వ సంపుటం. అది వచ్చింది ఆరోగ్యం మీద వరస వ్యాసాల్లో, పాముకాటు గురించి రాసిన భాగంలో. ఆ సంగతి ప్రశ్నగా పెడితే పిల్లలు మరిచిపోరు.

"ముందు పట్టించుకోరు, తర్వాత నవ్వుతారు..." దీనికి పోలిన మాటలు 1918లో అమెరికాలో దుస్తుల కార్మికుల సంఘ సభలో నికొలస్ క్లైన్ అన్నవి.

"కంటికి కన్ను అంటే లోకమంతా గుడ్డిదవుతుంది", "కస్టమరే దేవుడు" తరహావి, రెండిటికీ ఆయన రచనల్లో ఆధారం లేదు. రెండోది బ్యాంకు గోడల మీద ఇంకా వేలాడుతోంది.

"మహాత్మ అని మొదట పిలిచిందెవరు?" తీసేయండి. టాగోర్ అని పుస్తకాలు. గుజరాత్‌లోని జేత్‌పూర్‌లో 1915 జనవరి 21 తేదీతో నౌతమ్‌లాల్ మెహతా ఇచ్చిన పత్రంలో ఆ బిరుదు ఉంది. ఒకే జవాబు లేని ప్రశ్నకు మార్కులు పెట్టకూడదు.

"ఇప్పటి జెండాను పింగళి వెంకయ్య గాంధీజీకి ఎక్కడ ఇచ్చారు?" ప్రశ్నే తప్పు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల సందర్భంగా ఇచ్చింది ఎరుపు, ఆకుపచ్చ జెండా. తెలుపు గాంధీజీ సూచన, రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. ధర్మచక్రం ఉన్న ఇప్పటి రూపం 1947 జులై 22న రాజ్యాంగ సభ ఒప్పుకున్నది. అదే బెజవాడ సభ తీర్మానం మంచి ప్రశ్నవుతుంది: జూన్ 30లోగా కోటి రూపాయల తిలక్ నిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు.

#15 పటాలపిచ్చి

దండి పటం. 241 మైళ్లు, అంటే 388 కిలోమీటర్లు. మార్చి 12న బయల్దేరి ఏప్రిల్ 5న చేరారు, 6న ఉప్పు. యానిమేషన్ చేసేవాళ్లు రెండు తేదీలూ కలిపి లెక్కేసి 25 రోజులంటారు. పుస్తకంలో 24 ఉంటుంది. బయల్దేరిన రోజును సున్నాగా పెట్టుకుంటే గొడవుండదు. సోమవారాలు నడక లేదు: మార్చి 17, 24, 31. ఆ మూడు రోజులూ పటంలో చుక్క కదలకూడదు. రోజుకు 16 కిలోమీటర్ల చొప్పున సమంగా జరిపిన యానిమేషన్ చూస్తే లెక్క తేలిపోతుంది, ఎవరూ ఆకరాలు తెరవలేదని.

యాత్రికుల సంఖ్య: యంగ్ ఇండియాలో 1930 మార్చి 12న వచ్చిన జాబితాలో 78 పేర్లు. దారిలో చేరినవాళ్లతో 80 అయింది. దండి స్మారకంలో విగ్రహాలు 80. "78తో బయల్దేరి" అని రాయండి, "78తో చేరి" అని కాదు. ఆంధ్ర నుంచి జాబితాలో ఉన్నది ఒక్క సుబ్రహ్మణ్యం, కృష్ణా జిల్లా కొమరవోలులో గాంధీ ఆశ్రమం పెట్టిన యెర్నేని సుబ్రహ్మణ్యం.

పటం కింద 1930 అని రాసి లోపల ఆంధ్రప్రదేశ్, గుజరాత్ గీతలు గీయకండి. అప్పుడు కోస్తా, సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో, తెలంగాణ నిజాం రాజ్యంలో. దండి ఉన్న సూరత్ జిల్లా బొంబాయి ప్రెసిడెన్సీలో. ఇప్పటి దేశ సరిహద్దు ఎక్కడ చూపినా సర్వే ఆఫ్ ఇండియా పటంతో పోలాలి. విదేశీ పటాల సైట్ల నుంచి తెచ్చిన గీత పెడితే చట్టపరమైన చిక్కు.

#16 నీలిజెండా

పైన చెప్పినవన్నీ బాగున్నాయి. 1932లో గాంధీజీ, అంబేద్కర్ పక్షాల మధ్య కుదిరిన పూనా ఒప్పందం ఎక్కడ? ఇలాంటి సీడీలు ఎక్కువగా దాన్ని "హరిజనుల కోసం నిరశన" అని ఒక స్లైడుతో దాటేస్తాయి.

తేదీలు వరసగా పెట్టండి. 1932 ఆగస్టు 16 బ్రిటిష్ ప్రభుత్వం సీట్లు పంచిన కమ్యూనల్ అవార్డు, సెప్టెంబరు 20 ఎరవాడ జైల్లో నిరశన మొదలు, 24 ఒప్పందం, 26 విరమణ. అంకెలు: అవార్డులో రాష్ట్ర శాసనసభల్లో అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాల (ఆ వర్గాలవాళ్లే విడిగా ఓటేసేవి) సీట్లు 71. ఒప్పందంలో ఉమ్మడి నియోజకవర్గాల్లో రిజర్వు సీట్లు 148, అందులో మద్రాసుకు 30. సీట్లు రెట్టింపయ్యాయి, విడిగా ఓటేసే హక్కు పోయింది. ఈ రెండూ ఒకే తెరమీద కనబడకపోతే పాఠం ఒక పక్షానిదే అవుతుంది. తెరను నిలువుగా రెండు చేసి ఎడమన గాంధీజీ వాదన, కుడిన అంబేద్కర్ వాదన, ఆయన మాటల్లోనే పెట్టండి. దానికి ఆకరం మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన అంబేద్కర్ రచనల సంపుటాల్లో 9వది.

#17 బడిగంట

8వ తరగతికి అది బరువు కాదా? 10కి పెట్టి, 8కి దాచొచ్చు.

#18 నీలిజెండా

నియోజకవర్గం, రిజర్వు సీటు అంటే ఏమిటో 8వ తరగతి పిల్లలకు ఊళ్లో సర్పంచి ఎన్నికల దగ్గరే తెలుసు. పాఠం తగ్గించండి, దాచొద్దు. మాటలు నాలుగైనా అంకెలు రెండూ ఉండాలి.

#19 పాతసీడీ

1990ల చివర్లో వచ్చిన సీడీల్లోంచి మెనూ అమరిక చూసి నేర్చుకుందామనుకుంటే, వాటిని నడిపించడం ఇలా. ముందు ప్రతి తీయండి: డేటాతోపాటు ఆడియో ట్రాకులు కూడా ఉంటే ఐఎస్ఓ (డేటా మాత్రమే పట్టే నకలు ఫైలు) చాలదు, ఆడియోనూ పట్టే బిన్, క్యూ ఫైళ్ల జంటగా తీయాలి. గీతలు పడ్డ డిస్కుకు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్, రెండు మూడు వేర్వేరు డ్రైవుల్లో. ఆనాటి 16 బిట్ ఇన్‌స్టాలర్ 64 బిట్ విండోస్‌లో కదలదు. పాత యంత్రాన్ని అనుకరించే 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో విండోస్ 98 పెట్టి, తెర 640×480, 256 రంగులు చేసి, సీడీలోనే ఉన్న పాత క్విక్‌టైమ్ ఎక్కించండి. కొత్తది ఎక్కిస్తే వీడియో గడి నల్లగా ఉంటుంది. తర్వాతి కాలపు ఫ్లాష్ సీడీలైతే రఫుల్ అనే కొత్త ఫ్లాష్ ప్లేయర్‌తో చాలావరకు తెరుచుకుంటాయి.

అందులోని వీడియో 320×240. దాన్ని పెద్దది చేసి మీ పాఠంలో పెట్టకండి, అసలు ఫిల్ము ప్రతి వెతకండి.

#20 దస్తావేజు

మూడో ప్రశ్న, హక్కులు.

గాంధీజీ బతికుండగా అచ్చయిన రచనలు 2009 జనవరి 1 నుంచి మన దేశంలో అందరివీ. కానీ రెండు మెలికలు. మొదటిది, ఆయన పోయాక మొదటిసారి అచ్చయిన ఉత్తరాలకు లెక్క అచ్చయిన ఏడాది నుంచి 60 ఏళ్లు. 1970లో తొలిసారి వెలుగుచూసిన ఉత్తరం 2030 చివరిదాకా ఆగాలి. రెండోది, ఆత్మకథ మూలం స్వేచ్ఛగా వాడుకోవచ్చు గానీ తెలుగు అనువాదం అనువాదకుడిది, ఆయన పోయిన 60 ఏళ్ల వరకు. అనుమతి తీసుకోండి, లేదా మీరే అనువదించుకోండి.

ఫొటోలకు 1958కి ముందు తీసినవాటి మీద నెగెటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్లు అనే పాత లెక్క. అమెరికా సర్వర్‌లో పెడితే మాత్రం 1946 నుంచి తీసినవి జాగ్రత్త. 1946లో మార్గరెట్ బోర్క్ వైట్ తీసిన రాట్నం ఫొటో అందరూ వాడేస్తారు. అది అమెరికన్ పత్రిక కోసం తీసింది, లైసెన్సు కొనాల్సిందే. 1931 పలక మన దగ్గర గడువు దాటింది.

పాఠం అమ్మే ఆలోచన ఉంటే ఇంకో చట్టం: 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం. వ్యాపారానికి గాంధీజీ పేరు, బొమ్మ వాడాలంటే కేంద్రం అనుమతి కావాలి. ఉచితంగా పంచితే ఆ తలనొప్పి లేదు. డబ్బా మీద ప్రాయోజకుడి లోగోను గాంధీజీ బొమ్మ పక్కన మాత్రం పెట్టకండి.

#21 ఉప్పుటేరు

అందరికీ కృతజ్ఞతలు. క్విజ్‌లో 100లో 17 తీసేశాం, 9 తిరగరాశాం. ప్రతి బొమ్మకూ, ప్రతి మాటకూ ఒక వరస ఉండే పట్టిక మొదలైంది. నిలువు వరసలు: ఫైలు పేరు, ఏమిటి, జరిగిన తేదీ, ఊరు, అసలు ముద్రణ సంపుటం, పేజీ, మూల భాష, హక్కుల గడువు, సరిచూసినవారు. పట్టికలో "సరిచూసినవారు" గడి ఖాళీగా ఉన్న అంశాన్ని పేజీ తనంతట తానే చూపించకుండా జావాస్క్రిప్ట్‌లో ఒక షరతు పెట్టాం.

ఒక్కటి మిగిలింది. దండి, దాండీ, రెండూ కనిపిస్తున్నాయి. ఏది ఉంచాలి?

#22 లిపికారుడు

గుజరాతీలో దాండీ. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దండి. పిల్లల పుస్తకంలో ఉన్నదే పెట్టండి, వెతికే పెట్టెలో రెండూ పట్టుకోండి. భీమ్‌రాడ్‌కు మాత్రం ఎక్కడా అలవాటైన వర్ణక్రమం లేదు, మీరు పెట్టిందే నిలుస్తుంది. కాబట్టి మ్ తర్వాత ఆ జడ్‌డబ్ల్యూఎన్‌జే మరిచిపోకండి, లేకపోతే "భీమ్రాడ్" అయి కూర్చుంటుంది.